పోయి రా

ఎగిరొచ్చిన చెప్పు సరిగ్గా తెర మీది చందమామకు తగిలింది.

"పెండ్లాన్ని పట్టుకొని పో అంటడా!" నేల క్లాసులోంచి ఎవరో అరిచారు. "పోయి రా అనాలె గదరా, తలకాయ లేనోడా!"

"తలకాయ ఉంది భాయ్, మెడనే లేదు!" ఇంకొకడు అందుకున్నాడు.

హాలంతా ఈలలు. ఆడవాళ్ళ వైపు కట్టిన పరదా వెనక నుంచి కూడా ఛీ ఛీలు వినిపించాయి.

సదాశివ మాత్రం నవ్వలేదు.

యాభై ఆరులో, కొత్త రాష్ట్రం వస్తుందని ఊరంతా లొల్లిగా ఉన్న రోజులవి. నయాపూల్ దగ్గరి ఆ టాకీసులో ఆడుతున్నది మనుషుల సినిమా కాదు, బొమ్మల సినిమా. చేత్తో గీసిన బొమ్మలే కదులుతాయి, మాట్లాడతాయి. చనిపోయిన భార్య రోజూ వెన్నెల మీద నడుచుకుంటూ డాబా మీదికి దిగొస్తుంది. భర్తతో కబుర్లు చెప్పి, తెల్లారకముందే వెళ్ళిపోతుంది. కథ అంతే.

'పోయిన ఇల్లాలు మళ్ళీ వచ్చింది!' అని వాల్‌పోస్టర్ మీద చదివి సదాశివ ఆశగా లోపలికొచ్చాడు.

తీరా చూస్తే చందమామ కాల్చిన అప్పడంలా ఉంది. హీరో నడిస్తే తలుపు నడిచినట్టుంది. ఆ ఇల్లాలి బొమ్మ ఒక్కటే ప్రాణంతో ఉంది. కొంగు చివర పంటితో పట్టుకొని ఆమె నవ్వినప్పుడల్లా హాలు చల్లబడినట్టయ్యేది.

ఆఖర్న ఆమె "పోయొస్త" అంది. ఆ మెడ లేనివాడు "పో" అన్నాడు. తెర మీద వెన్నెల ఆరిపోయింది.

పక్క సీటు ముసలాయన చెవులకు చుట్టుకున్న కండువా విప్పుతున్నాడు. ఆఖరి సీను మొదలవగానే బిగించి చుట్టుకున్నాడు దాన్ని.

"మీకు గూడ రోత పుట్టిందా పెద్దాయనా?" అన్నాడు సదాశివ.

"లేదు బిడ్డా. నేను రోజూ వస్త."

"రోజూనా! గీ దిక్కుమాలిన సినిమాకా? మాటలు రాసినోనికి తెలుగే రాదు. గడప దాటేటోళ్ళను పోయి రా అంటం గని, ఎవలన్న పో అంటరా?"

ముసలాయన కండువా మడత పెట్టుకున్నాడు.

"పోయి రా అంటే ఆమె ఎట్ల పోతది బిడ్డా? రమ్మన్న మాట కొంగుకు ముడేసి పంపినట్టే గద."

సదాశివకు ఒళ్ళు మండిపోయింది.

పోయిన వానాకాలం జ్వరంతో మండిపోతున్న భార్య అలివేలును రిక్షా ఎక్కించి దవాఖానకు పంపాడు. "పోయొస్త" అంది ఆమె. "పోయి రా" అన్నాడు తను. రాలేదు. దవాఖానలోనే కన్నుమూసింది. అయినా మాట మాటే కదా! ఆ రోజు నుంచి అతను ఇంటి తలుపుకు గడియ పెట్టలేదు.

విసురుగా లేచి, గుంపుతో పాటు మేనేజర్ సీతారాం గదిలోకి దూసుకుపోయాడు.

"గీ సినిమా తీసెయ్యి సీతారాం సాబ్! లేకుంటే రేపు చెప్పులు గాదు, కుర్చీలు లేస్తయ్!"

"నాకేం మోజా సాబ్? రేపటి నుంచి కత్తియుద్ధం సినిమా, సరేనా?"

చప్పట్లు మోగాయి. గుంపు వెనక నిలబడ్డ ముసలాయన కండువా మళ్ళీ చెవులకు చుట్టుకున్నాడు.

సదాశివ చార్మినార్ వెనక గల్లీలోని ఇల్లు చేరేసరికి పొద్దుగుంకింది. అక్క రమాబాయి ఖాళీ గిన్నె చూపించింది.

"ఇగో, ఇయ్యాల గూడ పిల్లి పాలు తాగిపోయింది. నీ పెండ్లాం వస్తలేదు గని, గల్లీల పిల్లులన్నీ వస్తున్నయ్. గడియ పెట్టు తమ్మీ, నీకు దండం పెడ్త."

అతను గడప దగ్గర కూలబడ్డాడు.

మీనార్ల మీదుగా దిగిన పున్నమి వెన్నెల, గాజుల దుకాణాల రేకులు తడుపుకుంటూ వాకిట్లోకొచ్చింది. ఓరగా తీసి ఉన్న తలుపు దగ్గర ఆగింది. లోపలికి రాలేక, వెనక్కి మళ్ళలేక నిలబడ్డట్టుంది.

ఇన్నాళ్ళూ ఇట్లనే నిలబడ్డదా? నా మాట కొంగుకు కట్టుకొని?

ఆమె కాళ్ళు ఎంత నొప్పి పుట్టి ఉంటాయో అని అతనికి మొదటిసారి అనిపించింది.

"అలివేలూ..." నాలుక తిరగలేదు. మళ్ళీ పిలిచాడు. "అలివేలూ... పో."

గాలి లేదు. అయినా తలుపు మెల్లగా కదిలింది. మల్లెల వాసనలాంటిదేదో గడప దిగి, వాకిలి దాటి, గల్లీ మలుపు తిరిగిపోయింది.

సదాశివ కరువుదీరా ఏడ్చాడు. తర్వాత లేచి గడియ పెట్టాడు. ఆ చప్పుడుకు వంటింట్లో రమాబాయి చేతిలోని గరిటె ఆగిపోయింది.

మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా టాకీసుకు పరుగెత్తాడు. ముసలాయన కాళ్ళకు మొక్కాలి.

గోడ మీద కత్తులు దూసిన వీరులున్నారు. వాళ్ళ కింద పాత పోస్టర్ ముక్కొకటి మిగిలింది. అందులో, కొంగు కొరుకుతున్న పెదవులు.

"గా పెద్దాయనా?" అన్నాడు సీతారాం. "మ్యాట్నీకి వచ్చిండు. పోస్టర్ చూసి మెట్ల మీదనే జర సేపు నిలబడి ఎల్లిపోయిండు."

"ఎటు పోయిండు? ఎవలాయన?"

"నీకు ఎరుక లేదా? వైకుంఠం గారు. గా బొమ్మలన్నీ గీసింది ఆయనే. ఆ ఇల్లాలి ముఖం, కాలం చేసిన ఆయన పెండ్లాందే. పో అనే మాట అపశకునమని ఎవ్వడు పలుకనంటే, అది గూడ ఆయనే పలికిండు."

సదాశివ సీతారాం చెయ్యి పట్టుకున్నాడు.

"సాబ్, ఒక్క ఆట... మళ్ళ ఒక్క ఆట వెయ్యి."

"రీళ్ళ డబ్బా పొద్దుగాలనే బండెక్కింది. గింత పేరు చెడినంక ఇగ ఎవలు ఆడిస్తరు?"

"మరి తన మాట తనే ఇనకుంట, చెవులెందుకు మూసుకునేటోడు?"

సీతారాం ఆ పోస్టర్ ముక్క వైపు చూశాడు.

"ఆ మాట ఇనకుంటే, మర్నాటి ఆటకు ఆమె మళ్ళొస్తది గద సాబ్."