చెట్టాట

కుక్కపిల్ల చిన్నవాడి చొక్కా పట్టుకుని లాగుతోంది. చిన్నవాడు దాని తోక పట్టుకుని లాగుతున్నాడు. విడదీద్దామని మధ్యలో దూరిన అక్క జడ ఎవరి చేతిలో ఉందో, ఎవరి నోట్లో ఉందో తెలియడం లేదు. కుర్చీ ఒకటి వెల్లకిలా పడి ఉంది.

కుక్కలకు శిక్షణ ఇచ్చే మాస్టారు గుమ్మంలోనే నిలబడి చూశారు.

"ముగ్గురు పిల్లల్లోనూ కుక్కపిల్లే కాస్త నయం అమ్మా!"

తల్లి నవ్వలేదు. చిన్నవాడి మోచేతి మీది పంటి గుర్తు చూపించింది.

"ఇంకొక్కటి కనిపించినా దీన్ని ఎక్కడో వదిలేసి వస్తానన్నారు వాళ్ల నాన్న. ఎలాగైనా ఇది ఇంట్లో ఉండాలి మాస్టారూ."

పిల్లలంటే ఎంత ప్రాణమో ఆ తండ్రికి, అనుకున్నారు మాస్టారు.

"ఇది కాటు కాదమ్మా, గాటు. ఆటలో పడ్డ గాటు. వీళ్లు అరిచి పరిగెత్తేకొద్దీ దీనికి హుషారెక్కువ. అందుకే చెట్టాట నేర్పుతా. ఒరేయ్ బుడతా, ఇటు చూడు. నేను చప్పట్లు కొట్టగానే మీరిద్దరూ చెట్లయిపోవాలి. చేతులు కట్టుకుని, కాళ్ల వంక చూస్తూ, ఉలుకూ పలుకూ ఉండకూడదు. చెట్టుకి పళ్లు కాస్తాయి గానీ, చెట్టు మీద పళ్లు పడవు!"

తన జోకుకి తనే గట్టిగా నవ్వుకుని చప్పట్లు కొట్టారు.

ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు. రెప్ప కూడా ఆడలేదు. కుక్కపిల్ల వాళ్ల చుట్టూ తిరిగింది, మూతితో పొడిచింది, విసుగొచ్చి చతికిలబడింది.

మాస్టారు నోరెళ్లబెట్టారు. ఏ ఇంట్లోనైనా ఈ పాఠానికి వారం పడుతుంది. ఒకడికి ముక్కు దురద, ఒకతెకు కిసకిస.

"ఇవి చెట్లు కావమ్మా, రాతి స్తంభాలు! ఏం పెంపకం మీది! ఇక కదలండర్రా."

వాళ్లు కదల్లేదు. తల్లి తల ఊపాకే ఊపిరి వదిలారు.

అంతలో కుక్కపిల్ల చెవులు నిక్కబొడిచింది. కిటికీ దగ్గరికి దూకి ఒకటే మొరుగుడు. వీధి చివర ఎక్కడో బైకు చప్పుడు.

"ఈ అల్లరి కూడా మాన్పించేస్తాలెండి. కరవడం కన్నా ఇదే తేలిక."

"వద్దు!" అంది తల్లి, ఆయన ఉలిక్కిపడేంత గట్టిగా. వెంటనే గొంతు తగ్గించింది. "కరవడం మాన్పించండి చాలు. మొరగడం మాత్రం ఉండనివ్వండి."

"దొంగల భయమా అమ్మా?" అంటూ ఇటు తిరిగారు మాస్టారు.

పిల్లలిద్దరూ గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, కాళ్ల వంక చూస్తూ నిలబడి ఉన్నారు.

"నేనింకా చప్పట్లు కొట్టనే లేదే!" పకపకా నవ్వారు మాస్టారు.

చిన్నవాడు తల ఎత్తకుండానే గుసగుసగా అన్నాడు:

"ఇది ముందే అరిస్తేనే కదా మాస్టారూ, నాన్న మెట్లెక్కేలోపు మేం చెట్లయిపోయేది."