పాచి పట్టే జాలీ

“ఈ ట్యాంకు వేసవి దాటదండి. చేపల్ని ఎవరికైనా ఇచ్చేసి, అందులో మనీప్లాంటు పెంచుకోండి.”

ఫోన్లో ఆ వ్యాఖ్య చదవగానే స్టెల్లాకి ఒళ్లు మండింది.

“చూడు, మళ్లీ ఆ కడలి గారే!” అంటూ ఫోను భర్త ముందు పెట్టింది.

జశ్వంత్ చదివి నవ్వాడు. “ఆయనన్న దాంట్లో తప్పేముంది? నాకూ అలాగే అనిపిస్తోంది.”

ఇంట్లో సముద్రపు చేపలు పెంచుకునేవాళ్ల ఫేస్‌బుక్ గ్రూపు అది. కడలి అనేది పెట్టుడు పేరు. ఫొటో ఉండాల్సిన చోట శంఖం బొమ్మ. స్టెల్లా ఏం పెట్టినా మొదటి పుల్లవిరుపు మాట అక్కడి నుంచే వచ్చేది.

పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ముచ్చటపడి హాల్లో పెట్టుకున్న ఉప్పునీటి ట్యాంకు. రెండు నారింజ రంగు చేపలు, పువ్వుల్లా విచ్చుకునే కొన్ని పగడాలు. ఇప్పుడు రాళ్ల నిండా, అద్దం నిండా పాచి. పగడాలు ముడుచుకుపోయాయి.

“తీసేద్దాం స్టెల్లా. తెనాలి ఎండల్లో సముద్రాన్ని ఇంట్లో పెట్టుకుంటామంటే ఎలా?”

“తీయను. నిలవదు అన్నవాళ్ల మాటే ప్రతిసారీ నెగ్గాలా?”

ఆ మాట చేపల గురించి మాత్రమే కాదని జశ్వంత్‌కి తెలుసు. “చర్చి పిల్లతో నీ కాపురం ఏడాది నిలవదు” అని అతని తల్లి సీతారావమ్మ పెళ్లికే రాలేదు. బాపట్లలో కాలేజీ లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. మూడేళ్లయినా వీళ్ల గడప తొక్కలేదు. ఆదివారాలు కొడుకుతో ఫోన్లో మాట్లాడుతుంది గానీ, కోడలి గొంతెలా ఉంటుందో కూడా ఎరగదు.

పాచిని పాచితోనే జయించాలని స్టెల్లా తీర్మానించుకుంది. ఆ పద్ధతి ఎక్కడో చదివింది. ట్యాంకు నీళ్లని మోటారుతో పైకి తోడి, ఒక ప్లాస్టిక్ జాలీ మీద పలచగా జారనివ్వాలి. పక్కనే ఎర్ర లైటు వెలగాలి. అప్పుడు పాచి జాలీ మీదే దట్టంగా పెరిగి నీళ్లలోని మలినాన్ని తినేస్తుంది. ట్యాంకులో పాచికి తిండి దొరకదు. వారానికోసారి జాలీ తీసి గీకేస్తే చాలు.

డయాగ్నొస్టిక్ సెంటరులో డ్యూటీ దిగి రాగానే పనిలో పడేది. పైపుకి పొడుగ్గా చీలిక కోసింది. అందులో జాలీ దూర్చింది. లైటు బిగించి ఫొటో పెట్టింది.

“జాలీ అద్దంలా నున్నగా ఉంది. పాచి దేన్ని పట్టుకుని వేలాడుతుందండి?” అన్నారు కడలి.

స్టెల్లా పళ్లు కొరుకుతూ రంపం బ్లేడు తీసుకుని, చెయ్యి పెడితే గీసుకుపోయేంత గరుగ్గా జాలీని గీకింది.

కొద్దిరోజులకి గోధుమ రంగు జిగురు పట్టింది. సంబరంగా ఫొటో పెట్టింది.

“ఆ బురద చూసి మురిసిపోకండి. పచ్చగా పట్టాక పిలవండి.”

పచ్చగా పట్టింది. మొత్తం గీకేసి, తెల్లటి జాలీ ఫొటో పెట్టింది.

“అంతా గీకేశారా! మళ్లీ మొలవడానికి కాస్తయినా ఉంచాలని తెలీదా?”

“ఈయనకి ఇంట్లో పనేమీ లేదా?” అని అరిచింది స్టెల్లా.

“జవాబివ్వడం మానెయ్ మరి.”

“మానితే ఓడిపోయాననుకుంటాడు!”

ఏప్రిల్లో ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి పైపు చీలికలో పాచి అడ్డుపడి, నీళ్లు పక్కకి చిమ్మి హాలంతా మడుగైంది. ఒక చేప అడుగున ఒరిగి రొప్పుతోంది. గుడ్డతో నీళ్లు పిండుతూ స్టెల్లా మొదటిసారి ఏడ్చింది. నాలుగు రోజులు గ్రూపు వైపు చూడలేదు. జశ్వంత్ ట్యాంకు కొనేవాళ్లకి ఫోన్లు చేయసాగాడు.

అయిదోరోజు కడలి నుంచే సందేశం వచ్చింది. “ఫొటో పెట్టలేదేం? చేతులెత్తేశారా?”

స్టెల్లా చివాలున లేచింది. చీలిక వెడల్పు చేసింది. లైటు వెలుగు పైపు మీద పడి చీలికలో పాచి పెరగకుండా నల్లటి అట్ట అడ్డం పెట్టింది. కొనడానికి వచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపేసింది.

మే నెల సగానికొచ్చేసరికి అద్దం మీద పాచి పోయింది. రాళ్లు శుభ్రపడి ఊదారంగు తిరిగాయి. ఒక ఉదయం పగడాలు విచ్చుకుని నీళ్లలో ఊగుతున్నాయి. చేపలు రెండూ వాటి మధ్య దూరి ఆడుతున్నాయి.

ఫొటో పెట్టింది. అందరూ మెచ్చుకున్నారు. కడలి తప్ప.

“ఫొటోల్లో అందరి ట్యాంకులూ బాగానే ఉంటాయి లెండి.”

“దమ్ముంటే తెనాలి వచ్చి చూడండి. అడ్రసు ఇదిగో,” అని విడిగా పంపేసింది స్టెల్లా.

“ముక్కూ మొహం తెలీనివాళ్లకి అడ్రసిస్తావా?” జశ్వంత్ కంగారుపడ్డాడు.

“రానీ. ఇన్నాళ్లూ అన్న ప్రతి మాటకీ ఎదురుగా నిలబడి జవాబు చెబుతాను.”

చాలాసేపటికి జవాబు వచ్చింది. “ఆదివారం వస్తాను.”

ఆదివారం చర్చి నుంచి రాగానే స్టెల్లా అద్దం తుడిచింది. అనాల్సిన మాటలన్నీ మనసులో పేర్చుకుంది. “మీ అమ్మ ఫోన్ చేయలేదా ఇవాళ?” అని అడిగింది ఆ హడావిడిలోనే.

“లేదు. ఎప్పుడూ ఈపాటికి చేసేదే.”

“నా సంగతి ఎప్పుడైనా అడిగిందా ఆవిడ?”

“ఒక్కసారి కూడా అడగలేదు,” అన్నాడు జశ్వంత్ తల దించుకుని.

బెల్ మోగింది. “ఉండు, నేను తీస్తాను,” అని స్టెల్లా కొంగు బిగించి వెళ్లి తలుపు తీసింది.

“జాలీ రెండోవైపు కూడా గరుకు పెట్టావా?” అంటూ చెప్పులు విడిచింది అత్తగారు సీతారావమ్మ.