వాసన వస్తోందా?

"బాత్రూం ఎటమ్మా?"

తలుపు తీయగానే అతను అడిగిన మొదటి మాట అది. సలాం కూడా తర్వాతే చెప్పాడు.

ఇనాయత్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఎగాదిగా చూసింది. మనిషికి యాభై ఉంటాయి. ఒక చేతిలో పనిముట్ల సంచి, చంకలో పాత దుప్పట్లో చుట్టిన కమోడ్ సీటు.

"ఎవరు నువ్వు?"

"వగ్దీ మేస్త్రిని. మీ అమ్మాయి రబాబ్ పంపింది. వాసన లాగేసే సీటు బిగించమంది."

"నెమ్మదయ్యా! షుబ్రా పేటంతా వినాలా?" అంటూ ఇనాయత్ అతన్ని లోపలికి లాగినంత పని చేసింది.

ఆ ఇంట్లో బాధంతా ఆ వాసనతోనే. మూడేళ్ళ క్రితం పేగు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆమె భర్త షౌకీ మాస్టారు మనుషుల్లోకి రావడం మానేశారు. ఉన్నది ఒక్కటే బాత్రూం, అదీ ముందుగదిని ఆనుకుని. ఆయన వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఇనాయత్ సాంబ్రాణి వెలిగించేది.

"వాసన వస్తోందా?" అని ఆయన అడిగేవారు.

"అబ్బే, ఎక్కడిదీ?" అనేది, చేత్తో ధూపం పట్టుకునే.

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి ఆ మాత్రం అర్థం కాదా? చుట్టాలొస్తే గదిలో తలుపేసుకుని పడుకునేవారు.

మర్నాడు వసంత పండుగ. కూతురూ అల్లుడూ, పిల్లలూ, వియ్యాలవారూ అందరూ వస్తున్నారు. "ఈసారి నాన్న మాతో కూర్చుని తినకపోతే ఇంక మేం ఆ ఇంటికి రాం" అని రబాబ్ తెగేసి చెప్పింది.

వగ్దీ రెండు గంటల్లో పని ముగించాడు. సీటు అంచు కింద వరసగా కన్నాలు, వెనక అరచేయంత ఫ్యాను. ఉండేది పై అంతస్తే కాబట్టి పైపుని నేరుగా డాబా మీదికి పంపాడు. మీట నొక్కితే ఫ్యాను సన్నగా గుయ్యిమంది.

"మాస్టారూ, ఒకసారి వెళ్ళిరండి."

"ఇప్పుడా? నువ్వుండగానా?" మాస్టారి మొహం కందిపోయింది.

"బిగించినవాణ్ణి, పనిచేస్తోందో లేదో చూసుకోవద్దా?"

"సిగ్గూ ఎగ్గూ లేదా నీకు!" అంది ఇనాయత్.

మాస్టారు వెళ్ళారు. అవసరం అలాంటిది మరి. వగ్దీ ఆ తలుపుకే వీపు ఆనించి నిలబడి, ట్రాఫిక్ గురించీ, ఈ ఏటి ఉల్లికాడల గురించీ ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ముక్కు మూసుకోలేదు, పక్కకి జరగలేదు.

మాస్టారు బయటికొచ్చాక ఇనాయత్ లోపలికెళ్ళి గట్టిగా పీల్చి చూసింది.

"లేదండీ! ఈసారి నిజంగానే లేదు!"

"మూడేళ్ళుగా అదే మాట చెబుతున్నావు." మాస్టారు వగ్దీ వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. నువ్వు నాకేమీ కావు. నా మనసు నొచ్చుకుంటుందని నీకు బెంగ అక్కర్లేదు."

వగ్దీ మొహంలో నవ్వు పోయింది. లోపలికెళ్ళి, కమోడ్ మీదికి వంగి, గుండెల నిండా గాలి పీల్చాడు.

"ఏమీ లేదు మాస్టారూ."

"ఒట్టు?"

"పోయిన మా అమ్మ మీద ఒట్టు."

మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. "రేపు మాతో భోజనానికి రావయ్యా," అన్నారు.

ఇనాయత్ మొహం మాడ్చుకుంది. వియ్యాలవారి పక్కన బాత్రూంల మేస్త్రినా? గబగబా వంటింట్లోకెళ్ళి, పండక్కి తెచ్చిన ఫెసీఖ్ ముక్కని కాగితంలో చుట్టి గుమ్మం దగ్గరే చేతిలో పెట్టింది. నెలల తరబడి ఉప్పులో మగ్గిన చేప అది, నాలుగిళ్ళ అవతలికి తెలుస్తుంది. వగ్దీ దాన్ని తీసుకుని కోటు జేబులో వేసుకున్నాడు.

"అయ్యో రాత! జేబులోనా? అసలు ముక్కుందా నీకు?"

"ఉందమ్మా, ఇదిగో," అని వేలితో చూపించి, నవ్వుతూ మెట్లు దిగిపోయాడు.

మర్నాడు మాస్టారు అందరి మధ్యలో కూర్చున్నారు. భోజనం మధ్యలో లేచి వెళ్ళారు, వచ్చారు, మళ్ళీ కూర్చున్నారు. ఎవరూ సాంబ్రాణి వెలిగించలేదు. మనవరాలు ఒళ్ళోకెక్కి ఆయన నోట్లో ఉల్లికాడ పెట్టింది. ఇనాయత్ వంటింట్లోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఏడాదంతా ఇంటినిండా జనమే. పాత శిష్యులు, కాఫీ హోటల్ నేస్తాలు, ఒకరి తర్వాత ఒకరు.

మళ్ళీ పండుగ వచ్చింది. "వగ్దీని నా పక్కన కూర్చోబెట్టుకోవాలి. నేనే వెళ్ళి పిలుస్తాను," అన్నారు మాస్టారు. ఇనాయత్ మంచి చేప తనే ఏరి, పొట్లం కట్టి ఇచ్చింది.

ఇంబాబా పేటలో వగ్దీ ఇల్లు పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. తలుపు తీసింది వగ్దీ అక్క అవాతిఫ్. ఒంటి మీద నల్లబట్టలు.

"తమ్ముడు పోయి నిన్నటికి నలభై రోజులండీ. నిద్రలోనే గుండె ఆగిపోయింది."

మాస్టారు చేతిలోని పొట్లం ముందుకు చాపారు.

"పండక్కి పిలుద్దామని వచ్చానమ్మా... ఇదిగో, ఫెసీఖ్..."

అవాతిఫ్ ముసుగు అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుని పొట్లం అందుకుంది. "వాడికి ఏ చేపైనా ఒకటేనండీ."

"మా ఇంట్లో వాసన లాగే సీటు బిగించి నన్ను మళ్ళీ మనుషుల్లో కలిపాడు."

"మొదట మా అమ్మ కోసం చేశాడండీ దాన్ని. తొమ్మిదేళ్ళు జబ్బుతో తీసుకుంది. రోజూ వాణ్ణే అడిగేది, వాసన వస్తోందా నాయనా అని. లేదంటే నమ్మేది కాదు. పోయేదాకా నమ్మలేదు."

"నేను నమ్మానమ్మా. ఇంట్లోవాళ్ళని కాదని, వగ్దీ ఒక్కడి మాటే నమ్మాను."

అవాతిఫ్ పొట్లం గడప పక్కన పెట్టింది.

"మీకు తెలియదు కాబట్టి నమ్మారండీ, పంతొమ్మిదో ఏట పరంజా మీంచి పడి తలకి దెబ్బ తగిలిన రోజు నుంచీ మా వాడికి ఏ వాసనా తెలిసేది కాదు."