కూరగాయల ఎన్నిక

"టమాటానా, కాకరకాయా? త్వరగా తేల్చండి. ఎవరి ఒంటికి సరిపడా సీటు అచ్చు పొయ్యాలో చెబితే నేను నురగ కలుపుకుంటాను," అని బాడీ సెక్షన్ హెడ్డు బక్కెట్టు పట్టుకుని కేక పెట్టాడు.

షెడ్డులో కూరగాయలేమీ లేవు. మధ్యలో రేసు కారు ఉంది. దాన్ని ఏడాదంతా నిద్ర మానుకుని కట్టిన విద్యార్థులు చుట్టూ ఉన్నారు. ఇంజనుకి ఒక హెడ్డు, బ్రేకులకి ఒక హెడ్డు, బాడీకి ఈ బక్కెట్టు మనిషి, కంపెనీల చుట్టూ తిరిగి స్పాన్సర్లను పట్టుకొచ్చే పనికి ఒకమ్మాయి. వీళ్లందరి మీదా కెప్టెన్. ఎవరి సెక్షన్ వాళ్లకి ముద్దు. మిగతా సెక్షన్లన్నీ దండగ అని ప్రతివాళ్లకీ గట్టి నమ్మకం.

డ్రైవరు ఎన్నిక మాత్రం అందరూ కలిసి చేయాలి. ఒకప్పుడు ఎవరి స్నేహితుడికి వాళ్లు ఓటేసుకుని జుట్టూ జుట్టూ పట్టుకున్నారట. అప్పట్నుంచీ ఒక పద్ధతి పెట్టారు. పోటీపడేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ట్రాక్ మీద కారు తోలతారు. టైమింగ్ చూసే అమ్మాయి ఒక్కతే అక్కడ ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక కూరగాయ పేరు పెట్టి, వేగం, బ్రేకులు చూపిస్తూ కంప్యూటర్ గీసిన గీతల్ని మాత్రమే షెడ్డులోకి తెస్తుంది. ఏ పేరు ఎవరిదో ఎక్కడా రాయదు. అందరూ ఆమెను గడియారం అంటారు. ఆమె నోట్లోంచి మాట రావాలంటే గునపం కావాలి.

ఈసారి పోటీలో ముగ్గురు. కెప్టెన్ ఒకడు. సస్పెన్షన్‌లో పనిచేసే పొడుగాటి తాడిచెట్టు ఒకడు. మూడో మనిషి, అందరూ పిచ్చుక అని పిలిచే జూనియర్ అమ్మాయి. ఆమెకు ఈ కారు తోలడం నేర్పింది కెప్టెనే. తాడిచెట్టూ పిచ్చుకా బయట టైర్లు సర్దుతున్నారు. కెప్టెన్‌కి ఓటుంది కాబట్టి లోపలున్నాడు. ఒకవేళ తన గీతను తాను గుర్తుపడితే మాత్రం నోరు మూసుకుని బయటికి పోవాలి. అదీ పద్ధతిలో భాగమే.

కెప్టెన్ ఫోను మోగింది. వాళ్ల నాన్న. బస్సు డ్రైవరు.

"ఏరా, తేలిందా?"

"ఇంకా లేదు నాన్నా."

"డిపోలో అందరికీ చెప్పేశాను. సెలవు కూడా పెట్టాను. నువ్వు తోలుతుంటే ఒక్కసారి చూడాలిరా."

"మళ్లీ ఫోను చేస్తా నాన్నా."

కెప్టెన్ కాలు కాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగాడు. ఇది ఆఖరి సంవత్సరం. ఇన్నాళ్లూ ఎవరెవరో తోలారు, తను నట్లు బిగించాడు. ఆ సీటు అతనికి కావాలి. చచ్చేంతగా కావాలి.

మళ్లీ గీతల దగ్గరికొచ్చాడు. ఉల్లిపాయ ఎద్దుబండిలా నడిచి మొదట్లోనే ఎగిరిపోయింది. కాకరకాయ అందరికంటే ముందుంది, కానీ బాగా మొరటు. మలుపు మీదికొచ్చేదాకా బ్రేకు ముట్టుకోదు. టమాటా వెంట్రుకవాసి వెనక. మలుపుకి ముందే మెత్తగా బ్రేకు వేసి, వెన్నలా తిరిగిపోతుంది.

కెప్టెన్ కళ్లు టమాటా గీత మీదే ఆగిపోయాయి. మలుపుకి మర్యాదిస్తే అది మనకు దారిస్తుందని జూనియర్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది ఎవరు? పొద్దున హెల్మెట్ పెట్టుకున్నాక కంగారులో ఏం తోలాడో సరిగా గుర్తు లేదు. అయినా తన చెయ్యి తనకు తెలియదా?

అతను బయటికి పోలేదు.

"కాకరకాయే కదా, ఇంకా ఆలోచన దేనికి?" అన్నాడు ఇంజన్ హెడ్డు.

"నీ ఇంజన్ మీద నీకే జాలి లేకపోతే ఎలారా? ఆ తొక్కుడు చూడు. సగం రేసులో పొగ కక్కుతుంది," అన్నాడు కెప్టెన్.

ఇంజన్ హెడ్డు కాకరకాయ గీత మీంచి వేలు తీసేశాడు.

"బ్రేకుల సంగతి చెప్పక్కర్లేదు," అని కెప్టెన్ రెండోవాడి వైపు తిరిగాడు. "ఏడాది కష్టం ఒక్క మలుపులో అరగదీసేస్తుంది."

"అవును, ఇదేం తోలుడు? నా మీద పగలా ఉంది," అన్నాడు బ్రేకుల హెడ్డు.

"అయినా వేగం వేగమే కదా," అని స్పాన్సర్ల అమ్మాయి గొణిగింది.

"కారు పల్టీ కొడితే నీ స్పాన్సర్ల పేర్లు తలకిందులుగా కనిపిస్తాయి. పర్వాలేదా?"

ఆమె వెంటనే టమాటా అయిపోయింది. బక్కెట్టు మనిషికి ఏ కూరగాయైనా ఒకటే.

చేతులన్నీ టమాటాకి లేచాయి. అందరికంటే ఆఖర్న, ఇష్టం లేనట్టుగా, కెప్టెన్ చెయ్యి లేచింది.

గడియారం అతని వైపు వింతగా చూసింది. "నువ్వు కూడానా అన్నా? బాగా ఆలోచించుకున్నావా?"

"జట్టు బాగే మన బాగు కదమ్మా," అన్నాడు పెద్దమనిషిలా. లోపల మాత్రం నాన్నకి ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాడు.

గడియారం తలుపు తీసింది. "పిచ్చుకా, లోపలికి రా. సీటు నీదే."

పిచ్చుక నమ్మలేనట్టు పరుగెత్తుకొచ్చి కెప్టెన్ ముందు ఆగింది. "అచ్చం నువ్వు నేర్పినట్టే తోలానన్నా. ఒక్క మలుపు దగ్గర కూడా తొందరపడలేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. కెప్టెన్ కూడా కొట్టాడు. ఆ సందడిలో గడియారాన్ని పక్కకి పిలిచి, నవ్వు తెచ్చుకున్నాడు.

"తాడిచెట్టు అంత వేగంగా తోలతాడని కల్లో కూడా అనుకోలేదు. అయితే ఆ ఎద్దుబండి ఉల్లిపాయను నేనన్నమాట."

గడియారం తల అడ్డంగా ఊపింది.

"కాకరకాయ నువ్వే అన్నా."