బీరప్ప బేరం

"మామా, ఆ ఫోను గిటియ్యి! ఇయ్యాల నువ్వు ఎవ్వలికీ ఫోన్ చెయ్యొద్దు."

ఈశ్వరమ్మ మామగారి చేతిలోని బటన్ల ఫోనును పట్టుకుని లాగింది. బీరప్ప వదల్లేదు. తాండూరు నుంచి కొడంగల్ దాకా ఏ అంగట్లో ఎద్దు చేతులు మారినా నడుమ ఆయన చెయ్యి ఉండాల్సిందే. అందుకే జనం బీరప్పను బేరప్ప అంటారు. పట్టిన పగ్గమే వదలనివాడు, పట్టిన ఫోను వదులుతాడా?

"చెడ్డ సుడి దాచి ఎద్దునే అమ్మలే నేను. మోకాలు దాచి మనవణ్ణి అమ్ముతనా?"

"అమ్ముడేంది తాతా?" అన్నాడు శ్రీహరి, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "నేనేమన్న ఎద్దునా?"

"ఎద్దువైతే నాకు ఫికరే లేకుండె. నొస్తే కుంటుతది, దాచుకోదు. నువ్వు దాస్తున్నవ్."

టీవీలో కబడ్డీ ఆటగాళ్ల వేలం నడుస్తోంది. పేరుకే వేలం, పలికేవి వేలు కావు. ఇప్పుడే ఒక రైడరు రెండు కోట్లకు పోయాడు. కూలికి పోయేవాడికి కోతలు, కూతకు పోయేవాడికి కోట్లు! వాకిట్లో చేరిన వీధి జనం ఈలలు వేశారు. ఇంకాసేపట్లో శ్రీహరి పేరు వస్తుంది. పాట మొదలయ్యేదే పది లక్షల దగ్గర. ఆ ఇంట్లో అంత డబ్బును ఒక్క ముద్దగా ఎవరూ చూడలేదు. కలలో వచ్చినా వాయిదాల్లోనే వచ్చేది.

"జర నొస్తది తాతా, తగ్గుతది. పోటీలకు ఇంకా మస్తు టైముంది. ఇయ్యాల ఎవ్వలు కొనకుంటే మల్ల బండల పాలిష్ మిషిన్ కాడికే నేను."

బీరప్ప ఫోను జేబులో వేసుకుని కూర్చున్నాడు. కోడలు నమ్మి చెయ్యి వదిలింది.

కూర్చున్నాడే గానీ కుదురు లేదు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. నీళ్లు తాగి, ఆ గ్లాసు పక్కన పెట్టకుండానే మళ్లీ నీళ్లడిగాడు. శ్రీహరి లేచి గడప దాటుతూ ఒళ్లంతా కుడికాలి మీదే మోపడం కంటబడింది. ఇక వల్లకాలేదు.

"గొడ్లకు నీళ్లు పెట్టొస్త" అని దొడ్లోకి జారుకున్నాడు.

వికారాబాద్ పోటీల్లో శ్రీహరి ఆట చూసి, ఇంటికొచ్చి తన నంబరిచ్చి పోయిన మహేందర్ సారు ఎర్రచొక్కాల జట్టు కోచ్. ఇప్పుడు ఆ వేలం హాల్లోనే ఉన్నాడు. బీరప్ప ఆయనకే కలిపాడు.

"సారూ, గా తాండూరు శ్రీహరికి ఎడమ మోకాలు మంచిగ లేదు. చూసుకొని పాడుండ్రి."

"ఎవరు మాట్లాడేది?"

పేరు చెబితే కోడలు కూడు పెట్టదు. "ఎవలైతేంది! అంగట్ల తిరిగెటోన్ని" అని కట్ చేశాడు.

చెప్పేస్తే గుండెల్లో బరువు దిగుతుందనుకున్నాడు. దిగింది గానీ, తిన్నగా మోకాళ్లలోకి దిగింది. కాళ్లీడ్చుకుంటూ లోపలికి వచ్చేసరికి తెర మీద శ్రీహరి ఫొటో. పది లక్షలన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. మహేందర్ సారు తన పక్కనున్న యజమాని చెవిలో ఏదో ఊదుతున్నాడు.

"ఎత్తుండ్రయ్యా! మీ చేతులు పడిపోనూ..." ఈశ్వరమ్మ టీవీకి దండం పెడుతూనే తిట్టింది.

శ్రీహరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. బీరప్ప తల దించుకున్నాడు. తాను సత్యం పలికాడు, మనవడికి ధర పలక్కుండా చేశాడు!

అంతలో పచ్చచొక్కాల జట్టు చెయ్యి లేచింది. వెనకే ఎర్రచొక్కాల చెయ్యి. ఇరవై. ముప్పై. పచ్చవాళ్లు నీళ్లు నమిలి, మళ్లీ ఎత్తారు. ఎర్రవాళ్లు దించితే కదా! అరవై లక్షల దగ్గర సుత్తి ఠప్పుమంది. ఎర్రచొక్కాలకే!

వాకిలి దద్దరిల్లింది. శ్రీహరి ఎగిరి గంతేశాడు, ఒంటికాలి మీద. ఈశ్వరమ్మ కొడుకును కావలించుకుని ఏడ్చింది. బీరప్ప కాసేపు బిత్తరపోయి, ఆ తర్వాత మీసం దువ్వాడు.

"చూసినవా బిడ్డా! నిజం చెప్తే ధర పడ్తదంటివి. లోపం తెల్సి గూడ కొన్నరు!"

"ఏం చెప్పినవ్ మామా?" ఈశ్వరమ్మ ఏడుపు ఠక్కున ఆగింది.

ఆయన నోరు తెరిచేలోగా శ్రీహరి ఫోను మోగింది. మహేందర్ సారు. అందరూ వినాలని శ్రీహరి స్పీకర్ పెట్టాడు.

"ముబారక్ తమ్మీ! అసలైతే ముప్పై దాటొద్దనుకున్నం. గని పాటకు ముంగట ఎవడో ముసలోడు ఫోన్ చేసి నీ మోకాలు ఖరాబన్నడు. పేరడిగితే చెప్పలే. నేను గూడ ఊరోన్నే గద! అంగట్ల ఎద్దుకు వంకలు పెట్టేటోడెవడు? కొనేటోడే, ధర దించనీకి! పచ్చచొక్కాలోల్లే వాన్ని ఎగదోసిన్రని సమజైంది. ఎంతైన గానీ వదలొద్దని మా ఓనర్‌కు చెప్పిన."

ఈశ్వరమ్మ మామ వైపు చూసింది. మామ దూలాల వైపు చూశాడు.

"రేపు పొద్దుగాల డాక్టరు పరీక్షకు వచ్చెయ్యి తమ్మీ. ఇంతకు... మోకాలు మంచిగనే ఉంది గద?"