ట్రేసు కాగితాలు

1978. గవర్నర్‌పేటలోని మా కంప్యూటర్ సెంటర్. ఏ రైతు ఏ రోజు చెరకు కొట్టాలో చెప్పే ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ పర్మిట్లు ఇక్కడే అచ్చయ్యేవి. ఆపరేటరు గంగారత్నాన్ని ఏలూరు గోడౌనుకు బదిలీ చేసే కాగితం మీద మేనేజరు రామకోటేశ్వరరావుగారు సంతకం పెట్టబోతుండగా, నేను ట్రేసు కాగితాలు తెచ్చి బల్లమీద పరిచాను.

ట్రేసంటే కంప్యూటరు ఏ క్షణాన ఏం చేసిందో తనే రాసుకునే దినచర్య. కిందటేడు ఆయన అడిగితే ఆపరేటింగ్ సిస్టంలో నేనే పెట్టాను.

“చెరకు కోత పర్మిట్లు ఆలస్యం కావడం ఆవిడ తప్పు కాదండీ. గంటలో నలభై నిమిషాలు మిషనుకు ఈ దినచర్య రాసుకోవడమే సరిపోతోంది. మిగతా ఇరవై నిమిషాల్లోనే పర్మిట్లు.”

“మరి తీసెయ్యలేకపోయారా?”

తీసేశాను. మర్నాడు భోజనాల వేళకే పర్మిట్లన్నీ అచ్చయ్యాయి. వాటిని ఉయ్యూరు బస్సుకు అందించి వచ్చి, గంగారత్నం ఏడాదిలో మొదటిసారి కాఫీ వేడిగా తాగింది.

రామకోటేశ్వరరావుగారు సంతోషించారు. “వేగం పెరిగిందని హెడ్డాఫీసుకు రాయాలి. రుజువేదీ?”

“పర్మిట్లు వెళ్ళిపోయాయి కదండీ.”

“పర్మిట్లు రుజువెట్లా అవుతాయండీ? ట్రేసు కావాలి.”

మళ్ళీ పెట్టాను. మర్నాడు సాయంత్రమైనా పర్మిట్లు పూర్తి కాలేదు. ఆయన ట్రేసు కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసి కళ్ళజోడు తీశారు.

“చూశారా? మిషన్లో తేడా ఏమీ లేదు. ఆవిడేనని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా.”

ఈసారి సంతకం పెట్టేశారు.