పసుపు గోడకు సాక్షి

“కాగితం లేనిదే కుదరదమ్మా,” అంది కౌంటర్ వెనకున్న అమ్మాయి, మూడోసారి.

వెర్నెల్ ప్రూయిట్ కుర్చీలో వెనక్కి వాలింది. అరవై ఆరేళ్ల మోకాళ్లతో రెండు బస్సులు మారి వచ్చింది. అద్దెకున్న గది నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి.

“ఇల్లు కూల్చింది మీరే. రికార్డులు పారేసుకుంది మీరే. ఇల్లుండేదని రుజువు మాత్రం నేను తేవాలా?”

“అప్పటికి నేను పుట్టలేదమ్మా.”

“అదృష్టవంతురాలివి.”

ఆ నగరపాలక ఆఫీసు గోడ మీద కొత్త పోస్టరు: ‘జాతి సమన్యాయం, మన పేటలకే పెట్టుబడి’. కింద నవ్వుతున్న నల్ల కుటుంబం. యాభై ఎనిమిదేళ్ల కిందట హైవే కోసం నల్లవాళ్ల ఆల్డర్ వీధిని నేలమట్టం చేశారు. ఇప్పుడు తప్పు దిద్దుకుంటామని ఆ పక్కనే నలభై ఇళ్లు కట్టారు. అప్పట్లో ఇళ్లు పోయినవాళ్లకే ముందు ఇస్తారట. దరఖాస్తుకు ఇవాళే ఆఖరు రోజు.

“కాగితం లేకపోతే సాక్షి అయినా ఉండాలి. ఇంటిని కళ్లారా చూసినవాళ్లు. బంధువులు పనికిరారు.”

“చూసినవాళ్లంతా శ్మశానంలో ఉన్నారు తల్లీ. మిగిలింది ఈయనొక్కడే.”

పక్క కుర్చీలో హోసియా టార్వర్ టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. చర్చిలో ఎప్పుడూ ఆఖరు వరసే. భార్య పోయాక ఎవరితోనూ మాటల్లేవు. అలాంటివాడు మొన్న ఆదివారం తనంతట తనే వచ్చి, “మీ ఇల్లు నాకు గుర్తుంది సిస్టర్,” అన్నాడు.

“చెప్పండి సార్.”

“పదిహేడో నంబరు. ఆకుపచ్చ వరండా. పెరట్లో పియర్ చెట్టు. వంటింటి గోడ పసుపు రంగు. దాని మీద పెన్సిల్ గీతలు, పిల్లల ఎత్తులు. ఐదు పేర్లు. అన్నిటికన్నా కిందది వెర్నెల్.”

వెర్నెల్ ఆయన వైపు తిరిగింది. ఆ గీతల సంగతి తనే మరిచిపోయింది.

“మా అమ్మ వంటింట్లోకి పాస్టరు గారినే అడుగు పెట్టనిచ్చేది కాదు. నువ్వెప్పుడొచ్చావు బ్రదర్?”

“లోపలికి రాలేదు.”

“అయితే పియర్ కాయల దొంగవి నువ్వేనన్నమాట! కిటికీలోంచి తొంగి చూసేవాడివా?”

కౌంటర్ అమ్మాయి నవ్వింది. టార్వర్ నవ్వలేదు.

“ఇల్లు కూల్చిన రోజు యంత్రం నడిపినవాడి మొహం చూద్దామనుకున్నాను,” అంది వెర్నెల్. “దుమ్ములో కనపడలేదు. వాడి చేతులు పడిపోవాలని అమ్మ చచ్చేదాకా శపించింది. నేనింకా ఆమెన్ అంటూనే ఉన్నాను.”

“అనాల్సిందే,” అన్నాడు టార్వర్.

అమ్మాయి ఫారం ముందుకు జరిపింది. “ఇక్కడ సంతకం. ఈ గడిలో ఆ ఇల్లు మీకెలా తెలుసో రాయండి. అబద్ధమని తేలితే దరఖాస్తు కొట్టేస్తారు.”

“ఇరుగుపొరుగు అని గీకెయ్ బ్రదర్. ఎవడు చూడొచ్చాడు?”

“ఇన్నాళ్లూ అలాగే గడిపాను. ఇక చాలు.”

ఆయన పెన్ను అందుకున్నాడు. వెర్నెల్ ఫారం కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. కళ్లజోడు పెట్టుకోలేదు, ఆమె కంటికి అక్షరాలు అలుక్కుపోయాయి. రాయడం పూర్తిచేసి టార్వర్ లేచాడు. టోపీ పెట్టుకుని, చెప్పకుండానే తలుపు వైపు నడిచాడు.

అమ్మాయి చదివింది. ఆయన వీపు వంక చూసింది. వెర్నెల్ వంక చూసింది. ముద్ర కొట్టింది.

“చెల్లుతుందా?”

“చెల్లుతుందమ్మా. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు.”

“దేవుడి దయ! ఏం రాశాడేమిటి?” వెర్నెల్ సంచీలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది.

గడిలో వంకర అక్షరాలతో రెండే మాటలు.

“కూల్చింది నేనే.”